పడవని పిలవలేని రోజులు

పోయిన శీతాకాలం మా ఊరి హైస్కూలు వాళ్ళు పదో తరగతి పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. విషయం ఆత్మవిశ్వాసం. హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి, గొంతు ఇంకా చెక్కు చెదరలేదు కాబట్టి ఇలాంటి పిలుపులు అప్పుడప్పుడు వస్తుంటాయి. మైకు గరగరలాడితే పక్కన పెట్టించి, ఉత్త గొంతుతోనే చివరి బెంచీ దాకా వినిపించేలా మాట్లాడాను. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా అక్క సుగుణ కూర్చుని వింది. ఆవిడ ఇప్పుడుంటున్న ఇల్లు ఆ స్కూలుకి దగ్గరే. ఆఖర్న ఒక ఆడపిల్ల లేచి, కళ్ళు బల్లమీద పెట్టుకుని, "సార్, మీకు చిన్నప్పుడు నలుగురిలో మాట్లాడాలంటే భయం వేసేది కాదాండి?" అని అడిగింది. వేసేదనీ, రోజూ అద్దం ముందు నిలబడి మాట్లాడుకుని పోగొట్టుకున్నాననీ చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. అప్పట్లో మా ఇంట్లో ఉన్న అద్దమల్లా నాన్న గడ్డం గీసుకునే అరచేతంత అద్దం. దాని ముందు నిలబడితే ఒక చెంప మాత్రమే కనిపించేది. ఆ సంగతి అక్కకి తెలుసు. బయటికి వచ్చాక ఆవిడ దాని ఊసెత్తలేదు. "బాగా మాట్లాడేవురా. పద, అన్నం తిందువుగాని" అంది. చేపల పులుసుతో అన్నం పెట్టింది.

అప్పట్లో మా ఇల్లు వైనతేయ నది పాయ పక్కన, పేటలో చివరిది. తాటాకు కప్పు, మట్టి గోడలు. నాన్న స్కూల్లో అటెండరు. శనివారం సాయంత్రం ఆయన చేసే పనులు ఒక వరస ప్రకారం ఉండేవి. ముందు గడ్డం, తర్వాత గోళ్ళు, తర్వాత ఆదివారం గుడికి వేసుకునే చొక్కా ఇస్త్రీ. మాకు ఇస్త్రీ పెట్టె లేదు. ఇత్తడి చెంబులో కొబ్బరి చిప్పల నిప్పులు పోసి, అడుగు తడిగుడ్డతో తుడిచి, చాప మీద చొక్కా పరిచి రుద్దేవాడు. అప్పుడు వచ్చే కమ్మటి కాలిన వాసన, పెరట్లో అమ్మ నానబెట్టిన కొబ్బరి డొక్కల కుళ్ళు వాసనా కలిసి, నాకు ఆదివారం అంటే ఆ రెండు వాసనలే. అమ్మ డొక్కలు బాది పీచు తీసి తాడు పేనేది. ఆవిడ అరచేతులు రాత్రి నుదుటి మీద వేస్తే గరుగ్గా గీసుకునేవి. భోజనాలకి ముందు కుటుంబ ప్రార్థన. నాన్న ఒక వాక్యం చదివాక, అందరం వరసగా పైకి ప్రార్థన చెయ్యాలి. నా వంతు వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దమైపోయేది. కూర చల్లారిపోతోందని అమ్మ కదిలేది. చివరికి అక్కే నా తరఫున కూడా దేవుడితో నాలుగు మాటలు చెప్పి ఆమెన్ అనేసేది.

దేవుడితోనే కాదు, అందరితోనూ నా తరఫున అక్కే. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. కిరసనాయిలు డిపో దగ్గర నేను సీసా పట్టుకుని నిలబడితే వెనకొచ్చినవాళ్ళు ముందు పోయించుకుని వెళ్ళిపోయేవారు. అక్క వచ్చి, "ఏవండీ, మావాడు కనపడటంలేదాండి? కొబ్బరి మొక్కనుకున్నారేంటి?" అనేది. బస్సులో టిక్కెట్టు అక్కే అడిగేది. అమలాపురంలో ఇంటర్మీడియట్‌లో చేరాక కూడా నేను దిగాల్సిన చోట "ఆపండి" అనలేక, ఎవరైనా అంటే వాళ్ళతోపాటు దిగి నడిచి వచ్చేవాణ్ణి. "వీడి నోరు వాళ్ళక్క కొంగున కట్టుకుని తిరుగుతోందండి" అని పేటలో నవ్వుకునేవారు. నాకు సిగ్గేసేది. అయినా హాయిగానే ఉండేది. ఒకరు మన తరఫున మాట్లాడుతుంటే నోరు లేకపోవడం అంత కష్టమైన సంగతేం కాదు.

నాకు నిజంగా కష్టమైంది మాత్రం పడవ. పాయకి అటువైపు లంక. మా పిన్ని ఇల్లు అక్కడే. సత్తియ్యగారి పడవ ఒక్కటే దిక్కు. పొద్దున్నే కూలివాళ్ళని లంకలో దింపేసి, ఆయన పడవని మా గట్టుకి తెచ్చుకుని గంగరావి చెట్టు కింద కూర్చునేవాడు. లంక నుంచి ఎవరైనా రావాలంటే అవతలి గట్టు మీద నిలబడి పిలవాలి. ఊరికే నిలబడితే రాడు. గట్టు మీద గేదెల్ని కడిగేవాళ్ళుంటారు, గేలం వేసేవాళ్ళుంటారు, ఏ పనీ లేనివాళ్ళుంటారు. "నిలబడ్డవాళ్ళందరికోసం పడవేస్తే నా భుజాలు నావి కావండి" అనేవాడాయన. పిలవడానికొక పద్ధతి ఉండేది. 'ఓ పడవోయ్' అని 'ఓ'ని బాగా పొడుగ్గా లాగి, తర్వాత ఎవరి తాలూకో చెప్పాలి. ఫలానా వారి అబ్బాయినోయ్ అని. నీళ్ళ మీద ఆ మాట రెండు గట్లకీ వినబడుతుంది. రేవులో బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూస్తారు. నాకు ఆ చూడటమే భయం. ఎవరో ఒకరు వచ్చి పిలిచేదాకా ఏ గేలం వేసేవాడి పక్కనో నిలబడి, నేనూ చేపలు చూడటానికే వచ్చినట్టు నటించేవాణ్ణి.

తాతయ్య రోజుల్లో మావాళ్ళు పడవని పిలిచేవారే కాదట. రైతులెవరైనా వచ్చి పిలుచుకుంటే, వాళ్ళు కూర్చున్నాక చివర నిలబడి దాటేవారట. నాన్న పిలిచేవాడు గాని, గొంతు తగ్గించి, ఎవరి తాలూకో చెప్పకుండా పిలిచేవాడు. అక్కకి అది నచ్చేది కాదు. ఆవిడ పిలిస్తే నాన్న పేరూ, పేట పేరూ కలిపి గట్టు అదిరేలా పిలిచేది. ఒకసారి రేవులో ఒక పెద్దాయన, "అబ్బో, పేట పిల్లలకి కూడా గొంతులు లేచేయే" అన్నాడు. అక్క వినయంగానే, "ఆయ్, మిషన్ బళ్ళో పాటలు నేర్పేరండి, అందుకనండి" అంది. ఆయన ఇంకేం అనలేకపోయాడు. నేను మాత్రం ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి రెండు రోజులు రేవు వైపు వెళ్ళలేదు.

ఎస్సెల్సీ అయ్యాక అక్క కొన్నాళ్ళు అమ్మతో తాళ్ళు పేనింది. ఆవిడకి నర్సు కావాలని ఉండేది. దూరంగా ఒక మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగుకి దరఖాస్తు పెడితే ఎంపికకి రమ్మని కబురొచ్చింది. వచ్చేటప్పుడు సంఘకాపరి రాసిచ్చిన సిఫారసు కాగితం తేవాలన్నారు. మా పాస్టరు అయ్యగారికి నాలుగూళ్ళ సంఘాలు. ఆ వారం ఆయన లంకలో ప్రార్థన కూడికలు జరుపుతున్నారు. నేను ముందురోజు లంకకి వెళ్ళి పిన్ని ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఆయన దగ్గర కాగితం తీసుకుని రావాలి. అక్క తయారై రేవుకొచ్చి, నా చేతిలో కాగితం అందుకుని అట్నుంచి అటే బస్సెక్కుతుంది. అది ఏర్పాటు. అమ్మ పిన్నికని రొయ్యిపొట్టు మూట కట్టిచ్చింది. అక్క పాతచీరకే గంజిపెట్టి, నాన్న చెంబుతో ఇస్త్రీ చేసుకుంది.

అయ్యగారు పొద్దున్నే రాసిచ్చారు. "సమయానికి అందించు నాయనా" అన్నారు. పరుగులాంటి నడకతో రేవుకి వచ్చాను. కూలివాళ్ళు అప్పటికే పొలాల్లోకి వెళ్ళిపోయారు. గట్టు మీద నరమానవుడు లేడు. పడవ అవతల ఉంది. ఎండ తూర్పునుంచి తిన్నగా నా కళ్ళలోకి కొడుతోంది. గంగరావి చెట్టు కింద ఎవరో ఉన్నట్టు నల్లగా తెలుస్తోంది గాని ఎవరో తెలియడం లేదు. నోరు తెరిచాను. 'ఓ' రాలేదు. మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ లేరు కదా, నవ్వేవాళ్ళెవరని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ లేకపోవడం ఇంకా కష్టమని అప్పుడే తెలిసింది. పిలిస్తే ఆ పిలుపు నాదొక్కడిదే అవుతుంది. చొక్కా జేబులో కాగితం చెమటకి తడుస్తోందని తీసి చేత్తో పట్టుకున్నాను. అక్క బస్సు సంగతి నాకు తెలుసు. మర్చిపోయి నిలబడలేదు. తెలిసే నిలబడ్డాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గంటకి నేను వేరే పేరు పెట్టుకోలేను. చివరికి తలమీద గడ్డిమోపుతో ఒకావిడ వచ్చి, మోపు దించకుండానే ఒక్క కేక పెట్టింది. పడవ కదిలింది. ఆటు మొదలై నీరు కిందకి లాగుతోంది. సత్తియ్యగారు గెడ వేసి ఎంత తోసినా ఆలస్యమే అయింది. మా గట్టున అక్క నీళ్ళ అంచు దాకా దిగి నిలబడి ఉంది. కాగితం లాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

బస్సు అందలేదు. తర్వాత బస్సులో వెళ్ళేసరికి అక్కడ ఎంపిక అయిపోయింది. వచ్చే ఏడు రమ్మన్నారు. ఆ వచ్చే ఏడు నాన్న పచ్చకామెర్లొచ్చి మంచానపడ్డాడు. పైఏడు అక్కకి పెళ్ళయింది. బావ మస్కట్ వెళ్ళాడు. అక్క నర్సు కాలేదు.

ఆ సాయంత్రం అక్క తిరిగొచ్చాక నాన్న నన్నడిగాడు, "ఏరా, ఎందుకంత ఆలస్యమైంది?" అని. "ఎంత పిలిచినా సత్తియ్యగారు రాలేదు" అన్నాను. ఆ మాట మాత్రం చక్కగా, తడబడకుండా వచ్చింది. అక్క కాళ్ళు కడుక్కుంటూ ఒకసారి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ చెంబు ముంచుకుంది. మర్నాడు నాన్న రేవుకి బయల్దేరాడు. వెనకాలే నేను. నాన్న ఎవరి మీదా గొంతెత్తగా నేను చూడలేదు. ఆ రోజు ఎత్తాడు. "నా కూతురి బతుకండి సత్తియ్యగారూ! కుర్రాడు గొంతు చించుకుంటుంటే వినపడలేదాండి మీకు?" సత్తియ్యగారు నావైపు చూడలేదు. తెడ్డు మీద చెయ్యి వేసుకుని, "ఆయ్. గాలి అటుందండి. తప్పయిపోయిందండి" అన్నాడు. నేను నాన్న వెనకాల నిలబడి ఇసుకలో బొటనవేలితో గీతలు గీస్తున్నాను.

కొద్ది రోజులు పోయాక అక్క నన్ను పిన్ని ఇంటికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు లంక రేవులో చెంగు పరుచుకుని కూర్చుంది. "నేను పిలవను. నువ్వు పిలిస్తే ఇంటికెళ్దాం. లేకపోతే ఇక్కడే ఉందాం. నాకేం తొందర్లేదు, నాకిప్పుడు ఎక్కడికీ వెళ్ళే పన్లేదుగా" అంది. ఆ చివరి మాట మామూలుగానే అంది. ఎవరైనా వచ్చి పిలవబోతే, "మావాడు పిలుస్తాడండి, కాస్త ఆగండి" అనేది. వాళ్ళూ ఆగేవారు. నా చుట్టూ జనం పోగయ్యారు. ఎండ వాలింది. ఎలా వచ్చిందో, ఒక 'ఓ' వచ్చింది. సత్తియ్యగారు పడవ తెచ్చి, "మీరేనాండి బాబూ! ఎవరో గొంతు సవరించుకుంటున్నారనుకున్నానండి" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వేశాను. నవ్వితే ప్రాణం పోదని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత సెలవుల్లో సాయంత్రాలు నన్ను లంక రేవులో కూర్చోబెట్టింది. వచ్చినవాళ్ళ తరఫున నేను పిలవాలి. వాళ్ళ పేరు అడగాలి, పిలవాలి. పీచు మోపులవాళ్ళు, పాలవాళ్ళు, పెళ్ళివారు. "జీతం లేని కేకగాడు" అని సత్తియ్యగారు పేరు పెట్టాడు. మొదట్లో ఇతరుల పేరు చెప్పి పిలవడం సులువుగా ఉండేది. నాన్న పేరూ పేట పేరూ చెప్పి పిలవడానికి రెండేళ్ళ పైనే పట్టింది. ఆ పిలిచిన రోజు అక్క లేదు, అత్తారింటికి వెళ్ళిపోయింది. నాకు గొంతొచ్చింది. ఆ గొంతుతోనే టీచరు ట్రైనింగుకి వెళ్ళాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, యూనియన్ మీటింగుల్లో మాట్లాడాను. ఆ గొంతుతోనే, నా క్లాసులో లేచి నిలబడి మాట రాక తలదించుకున్న పిల్లల్ని "నోరు ఇంట్లో పెట్టొచ్చేవా?" అని నవ్వులపాలు చేశాను. వాళ్ళలో నేనే కనబడుతున్నందుకు నాకు చిరాకేసేదని ఇప్పుడు అర్థమవుతోంది. అది కారణమే గాని సాకు కాదు.

ఆ స్కూలు మీటింగు రోజు భోజనం అయ్యాక నన్ను అమలాపురం బస్సెక్కించడానికి అక్క నాతో బయల్దేరింది. బస్టాండుకి ఆటో వంతెన దగ్గరే దొరుకుతుంది. వంతెన కట్టింది పాత రేవు మీదే. గంగరావి చెట్టు కొట్టేశారు. మొదలు మిగిలింది, ఇద్దరం దానిమీద కూర్చున్నాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. సంఘంలో స్త్రీల సమాజానికి ఇప్పటికీ ఆవిడే అధ్యక్షురాలు. పైన లారీలు పోతున్నాయి. కింద నీళ్ళల్లో ఎవరూ లేరు. వందల మంది ముందు మాట్లాడొచ్చిన నాకు పక్కనున్న ఒక్క మనిషికి ఒక్క మాట చెప్పడం గగనమైంది.

"అక్కా, అద్దం సంగతి అబద్ధం."

"తెలీదేంట్రా? ఆ అద్దంలో నాన్న మీసం సగమే కనపడేది."

"అది కాదు. ఆ రోజు నేను అసలు పిలవలేదు. పిలవకుండా సత్తియ్యగారి మీద పెట్టేను. నీ ట్రైనింగు నావల్లే పోయింది."

అక్క చీర కుచ్చిళ్ళకి అంటుకున్న గడ్డిగింజల్ని ఒక్కొక్కటే తీస్తోంది. "అదీ తెలుసు" అంది.

"ఎలా?"

"ఈ చెట్టు కిందే కూచున్నాను కదరా. ఎండ నీ మొహం మీద పడుతోంది. నువ్వు నోరు తెరవడం, మళ్ళీ మూసుకోవడం అన్నీ కనపడుతూనే ఉన్నాయి. సత్తియ్యగారు లేచేరు. 'మీ తమ్ముడేనమ్మా, తీసుకొచ్చేత్తానండి' అన్నారు. నేనే కూచోబెట్టేను."

నాకు వెంటనే అర్థం కాలేదు. "నువ్వా? ఎందుకు?"

"ఇవాళ నా పని కదా, నాకోసమైనా పిలుస్తాడు, ఉండండి అన్నాను. ఆయన మళ్ళీ లేచేరు. ఇంకాస్త ఆగండి అన్నాను. నువ్వు బాగుపడాలనే అనుకున్నాన్రా మొదట. తర్వాత అది కాదు. వాడు నాకోసం పిలుస్తాడా పిలవడా, చూద్దామని పంతం పట్టేసింది. ఆ గడ్డిమోపావిడ రాకపోతే సాయంత్రం దాకా కూచునేదాన్నేమో." ఇంకో గడ్డిగింజ తీసి పారేసి అంది, "నువ్వు ఆయన మీద పెట్టినప్పుడు నేను నిజం చెప్పొచ్చు. చెప్తే నాది కూడా బయటపడుద్దిగా. పొద్దున్నే నాన్నకంటే ముందు రేవుకొచ్చి, చెప్పకండి బాబూ అని బతిమాలేను. పోయేదాకా చెప్పలేదాయన."

"నామీద కోపం రాలేదా?"

"రాకేం? పెళ్ళయిన కొత్తలో ఆసుపత్రికెళ్తే తెల్లబట్టల పిల్లల్ని చూసి మొహం తిప్పేసుకునేదాన్ని. సగం నీమీద, సగం నామీద. ఏ సగం పెద్దదో ఒక్కో ఏడు ఒక్కోలా ఉండేది."

నేనేదో అనబోయాను. క్షమించమనే మాట తయారుగా ఉంది, చర్చిలో ఎన్నిసార్లో అన్నదే. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పీచు పేనిన అరచెయ్యి, అమ్మ చెయ్యిలాగే గరుగ్గా ఉంది. "తప్పు చేసేనే అక్కా" అన్నాను. ఆవిడ చెయ్యి లాక్కోలేదు. "నేనూ చేసేన్లే" అంది.

వంతెన దిగి ఆటో ఒకటి వస్తోంది. ఊరివాళ్ళంతా ఆవిడకి తెలిసినవాళ్ళే కదా, అక్క పిలుస్తుందని నేను చూస్తున్నాను. అక్క నన్ను చూస్తోంది. ఆటో మా ముందునుంచి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

"ఏంటండీ హెడ్మాస్టరుగారూ, నోరు పడిపోయిందా?" అంది.

"నువ్వు పిలుస్తావనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను" అని నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పట్టుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంకో ఆటో కనబడేసరికి నేను లేచి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. ఊపిరి పీల్చుకుని, 'ఓ'ని పొడుగ్గా లాగి, నాన్న పేరూ పేట పేరూ కలిపి పిలిచాను. ఆటో నా ముందుకొచ్చి ఆగింది. లోపల్నుంచి కుర్రాడు తల బయటపెట్టి, "అంత కేకెందుకండి బాబూ, చెయ్యూపితే ఆగుతానుగాండి" అన్నాడు.

"వాడికి తెలీదులే. ఎక్కరా" అంది అక్క.